అకాడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్: పేరా రాయడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఎంఎస్‌కో పీహెచ్‌డీకో విదేశాలకు వెళ్లే మనవాళ్ల ఇంగ్లిష్ వ్యాసాల్లో వ్యాకరణం చాలావరకు బాగానే ఉంటుంది. మార్కులు పోయేది పేరాల దగ్గర. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జాన్ మోర్లీ రూపొందించిన అకాడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఈ జబ్బుకు సగం మందు. ఇది పరిశోధన వ్యాసాల్లో వాడే ఇంగ్లిష్ వాక్య నమూనాల సంకలనం. వెబ్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

పరిచయం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అంటూ వ్యాసభాగాల వారీగా వాక్యపు చట్రాలు, అంటే మన విషయం నింపుకునే నమూనాలు, ఇస్తారు. పోల్చడానికి, ఉదాహరణ ఇవ్వడానికి వేరే పేజీలున్నాయి. అన్నిటిలోకీ మేలైనది కారణాలు చెప్పే పేజీ. ఒకే కారణాన్ని క్రియతో ఎలా చెప్పాలో, నామవాచకంతో ఎలా చెప్పాలో పక్కపక్కనే కనిపిస్తుంది. ప్రతి వాక్యాన్నీ 'బికాజ్'తో నడిపించే అలవాటు దీంతో పోతుంది.

తేడా కొట్టేది ఎక్కడంటే, ఇది అతుకులు, అంటే వాక్యాలను కలిపే మాటలు, ఇస్తుంది గానీ సరుకు ఇవ్వదు. ఈ పేరా చూడండి: "చెరువుల ఆక్రమణ వల్ల నగరాల్లో వరద పెరుగుతోంది. మోర్‌ఓవర్, చెరువులు చాలా ముఖ్యం. ఫర్దర్‌మోర్, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి." మొదటి వాక్యం చేసిన వాదనకు మిగతా రెండూ ఆధారం ఇవ్వలేదు. ఇలా రాస్తే నిలబడుతుంది: "చెరువు వాననీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. ఆ నిల్వచోటు ఇళ్లతో నిండితే అదే నీరు ఒక్కసారిగా నాలాల్లోకి దూకుతుంది." ఇక్కడ 'మోర్‌ఓవర్' ఊసే లేదు. 'ఆ నిల్వచోటు' అనే మాటే వెనక వాక్యాన్ని అందుకుంది. ఇంగ్లిష్‌లోనూ ఉత్త 'దిస్' అని వదిలేయకుండా పక్కన ఒక నామవాచకం పెడితే ఇదే పట్టు వస్తుంది. ఆ తర్వాత 2020 అక్టోబరు హైదరాబాద్ వరదను ఉదాహరణగా పెట్టి, అది వాదనను ఎలా బలపరుస్తోందో ఒక వాక్యంలో చెప్పాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి వాక్యాన్నే.

అందుకని వాదన, కారణం, ఆధారం, వివరణ ముందు సొంతంగా రాసుకుని, అతుకు తెగిన చోటు కోసమే ఫ్రేజ్‌బ్యాంక్ తెరవండి. ఏడెనిమిది వాక్యాల పేరాకు రెండు మూడు అతుకుమాటలు చాలు. 'ఆన్ ద కాంట్రరీ', 'ఇన్ కాంట్రాస్ట్' ఒకటే అనుకుని ఏది కనబడితే అది పెట్టేయకండి. మొదటిది ముందు మాటను కాదంటుంది, రెండోది రెండు విషయాల తేడా చూపుతుంది.

మనకు మరో చిక్కుంది. 'వెళ్లి, చూసి, రాసి' అని తెలుగులో హాయిగా గొలుసు కడతాం. దాన్నే ఇంగ్లిష్‌లోకి దించితే నాలుగు 'అండ్'ల వాక్యం తయారవుతుంది. ఈ గొలుసును ఏ చట్రమూ తెంపదు, ముందే రెండు వాక్యాలు చేసుకోవాలి.

తెలుగులో రాసేవారు ఈ చట్రాలను అనువదించుకోవద్దు. మన 'మాత్రం', 'కూడా', 'అయితే' వాక్యం మధ్యలోనే ఒదిగి ఆ పని చేసేస్తాయి.