గోడకు బిగించిన బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: మూడేళ్ల వాడకం తర్వాత

మా హాల్లో ఎలాక్ డెబ్యూ 2.0 బి6.2 స్పీకర్ల జత మూడేళ్లకు పైగా గోడ మీదే ఉంది. అంతకుముందు ఇవే స్పీకర్లు ఇదే గదిలో స్టాండ్ల మీద ఉండేవి. యాంప్లిఫయర్ అప్పుడూ ఇప్పుడూ యమహా ఎ-ఎస్301. సోఫా మారలేదు, వినే పాటలూ మారలేదు. అందుకే స్టాండు దిగి గోడెక్కితే ఏం మారుతుందో పోల్చి చెప్పడానికి నాకు వీలు చిక్కింది. గోడకు బిగిస్తే సౌండ్ పాడైపోతుందని చాలామంది గట్టిగా చెబుతారు. నేను ఒప్పుకోను. సౌండ్ మారుతుంది. కొంత పోతుంది, కొంత వస్తుంది. ఏది పోతుందో ముందే తెలిసి, దానికి తగ్గట్టు స్పీకర్‌నీ గోడనీ ఎత్తునీ ఎంచుకుంటే, నలుగురూ తిరిగే ఇంట్లో రోజూ పాటలు వినేవాళ్లకు ఇదే మంచి పద్ధతని నా నమ్మకం.

మాది విజయవాడ. హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. గోడకు బిగించేనాటికి మా బాబు అప్పుడప్పుడే నిలబడటం నేర్చుకుంటున్నాడు. 7.4 కిలోల పెట్టె సన్నటి స్టాండు మీద ఉంటే, దాన్ని పట్టుకుని లేవాలని చూసే పిల్లాడున్న చోట ఎప్పుడూ టెన్షనే. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా స్టాండ్లు జరుగుతాయి, మళ్లీ సరిగ్గా అదే చోటికి రావు. రెండు స్పీకర్ల నడుమ నిలబడాల్సిన గొంతు ఒక పక్కకు వెళ్లిపోతుంది. టీవీ షోకేసు అరల్లో పెట్టి కూడా విన్నాం. చుట్టూ చెక్క ఉండటంతో మగ గొంతులు కుండలో నోరు పెట్టి పాడినట్టు వినిపించాయి. ఇక మిగిలింది గోడ.

ఈ పని తలపెట్టేవాళ్లు ముందు చూడాల్సింది స్పీకర్ వీపు. బేస్ కోసం గాలి ఆడే పోర్ట్ వెనకవైపు ఉంటే, గోడకు దగ్గరయ్యేకొద్దీ బేస్ ముద్దగా తయారవుతుంది. 2015లో వచ్చిన మొదటి డెబ్యూ బి6కి పోర్ట్ వెనకే ఉండేది. 2018లో వచ్చిన 2.0లో దాన్ని ముందుకు తెచ్చి, ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) కింద సన్నటి చీలికలా పెట్టారు. గోడ మీద ఆ చీలిక విలువ బాగా తెలిసొచ్చింది. అసలు పోర్టే లేని సీల్డ్ స్పీకర్లయితే ఇంకా నయం. వెనక పోర్ట్ ఉన్నవాళ్లు అందులో ఫోమ్ ముక్క దూర్చి చూడొచ్చు. కొన్ని కంపెనీలు ఆ ముక్కల్ని డబ్బాలోనే ఇస్తాయి. బేస్ తగ్గుతుంది గానీ ఉన్నది శుభ్రంగా ఉంటుంది.

తర్వాత లోతు. నా స్పీకర్ లోతు దాదాపు 27 సెంటీమీటర్లు. వెనక వైరు తగిలించే బనానా ప్లగ్గులు, వాటి వెనక వైరు వంపు తిరగడానికి చోటు, బ్రాకెట్ చేయి, అన్నీ కలిపితే స్పీకర్ ముఖం గోడకు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే అడుగు పైమాటే. కొనే ముందు అట్టపెట్టె ఒకటి గోడకు ఆనించి పట్టుకుని, మిగతావాళ్లను అటూ ఇటూ నడవమనండి. భుజానికి తగులుతుందో లేదో వెంటనే తేలిపోతుంది.

బ్రాకెట్లలో చాలా రకాలున్నాయి. చిన్న స్పీకర్లకు వెనక స్క్రూ తలకు తగిలించే కన్నం ఉంటుంది. దాంతో పని తేలిగ్గా అవుతుంది కానీ స్పీకర్‌ను ఏ పక్కకీ తిప్పలేం. నేను రెండు పక్కల నుంచి రబ్బరు దిండ్లతో పట్టుకునే క్లాంప్ రకం తీసుకున్నాను. కిందికి వంచొచ్చు, లోపలికి తిప్పొచ్చు. డబ్బా మీద 15 కిలోలు మోస్తుందని ఉంది. ఆ అంకె బ్రాకెట్ ఇనుము గురించి చెబుతుంది. మీ గోడ ఎంత మోస్తుందో దానికి తెలియదు. లెక్క వేసి చూడండి. 7.4 కిలోల బరువు గోడకు సుమారు 22 సెంటీమీటర్ల అవతల వేలాడుతోంది. పై స్క్రూలకూ కింది స్క్రూలకూ మధ్య దూరం 8 సెంటీమీటర్లు. 7.4ను 22తో గుణించి 8తో భాగిస్తే 20 కిలోలు దాటుతుంది. పై స్క్రూలను గోడలోంచి బయటికి పీకే బలం అది. బ్రాకెట్ బరువు ఇంకా కలపలేదు. ఆ బలం ఒక్కరోజుతో పోయేది కాదు, రాత్రీ పగలూ ఉంటుంది.

అందుకే బ్రాకెట్ ఏది కొనాలని కాదు, గోడ దేనితో కట్టారని ముందు అడగాలి. మాది పాత అపార్ట్‌మెంట్, బయటి గోడ తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక, లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవి. ఇటుక గోడ నమ్మదగ్గది, అయితే స్క్రూ ఇటుకలో దిగాలి. పైన లప్పం, దాని వెనక దాదాపు అర అంగుళం ప్లాస్టరింగ్, ఆ తర్వాతే ఇటుక. బ్రాకెట్‌తో పాటు వచ్చే పొట్టి ప్లగ్గులు చాలావరకు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతాయి. వాటిని పక్కన పడేసి 8 ఎం.ఎం. లావు, రెండు అంగుళాల పొడవున్న నైలాన్ ప్లగ్గులు, రెండున్నర అంగుళాల స్క్రూలు తెప్పించాను. డ్రిల్ చేస్తుంటే రాలే పొడి రంగు చూస్తూ ఉండాలి. ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగులోనే వస్తూ ఉంటే రెండు ఇటుకల మధ్య సిమెంటు. మా ఎలక్ట్రీషియన్ మంచి పనివాడు. ఒక కన్నం దగ్గర తనే ఆగి, "సార్, ఇక్కడ ఎర్రపొడి రావట్లేదు, అంగుళం పైకి జరుపుదామా?" అన్నాడు. జరిపాం. బిగించే ముందు గోడను వేళ్లతో తట్టి చూడటం కూడా అవసరమే. డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసిందని అర్థం. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం కన్నం వేయొద్దు. లోపలి కరెంటు పైపులు సాధారణంగా ఆ దారినే పోతాయి.

కొత్త అపార్ట్‌మెంట్లలో సంగతి వేరు. అల్యూమినియం ఫ్రేముల్లో పోసే కాంక్రీటు గోడలయితే బరువు గురించి బెంగే లేదు, కానీ మామూలు డ్రిల్ మిషన్ లొంగదు, రోటరీ హ్యామర్ తెచ్చుకోవాలి. లైట్‌వెయిట్ బ్లాకుల గోడకు హ్యామర్ మోడ్ ఆపేసి మెల్లగా కన్నం వేయాలి, వాటికోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు వాడాలి. జిప్సం బోర్డు పార్టిషన్ అయితే, వెనక చెక్కో ఇనుప ఫ్రేమో ఉన్న చోట తప్ప నేను ఈ బరువు వేలాడదీయను. రెండు బ్రాకెట్లూ ఒకే మట్టంలో ఉండాలంటే కొలతను నేల నుంచి తీసుకోవద్దు. టైల్స్ వాటం ఒక్కో మూల ఒక్కోలా ఉంటుంది. మేస్త్రీలు వాడే రసమట్టంతో గీత గీయించుకుంటే నిశ్చింత.

ఎత్తు దగ్గరే ఇంట్లో వాదన జరిగింది. సోఫాలో కూర్చుంటే నా చెవి నేలకు 98 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సౌండ్ కోసమైతే ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) కూడా అక్కడే ఉండాలి. బాబు కోసమైతే స్పీకర్ అడుగు భాగమే నాలుగున్నర అడుగుల పైన ఉండాలి. బాబు మాటే నెగ్గింది. ట్వీటర్ దాదాపు 170 సెంటీమీటర్లకు వెళ్లింది. సోఫా 2.7 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి, స్పీకర్‌ను 15 డిగ్రీలు కిందికి వంచితే ట్వీటర్ సరిగ్గా చెవుల్లోకే చూస్తుంది. ఈ వంపు అందం కోసం కాదు. ఈ స్పీకర్‌లో ఊఫర్, ట్వీటర్ 2,200 హెర్ట్జ్ దగ్గర పని పంచుకుంటాయి. అక్కడ శబ్ద తరంగం పొడవు పదహారు సెంటీమీటర్లు కూడా ఉండదు. మనం ఆ రెంటికీ ఎదురుగా కాక బాగా కింద ఉంటే, ఒకదాని శబ్దం ఇంకోదానికన్నా ఆలస్యంగా చేరి ఆ ప్రాంతం చప్పబడుతుంది. మాటల్లో స్పష్టత ఉండేది అక్కడే. వంచకుండా విని, తర్వాత వంచి వినండి, సినిమాలో డైలాగులు విడివిడిగా తెలుస్తాయి. ట్వీటర్ కిందికి రావాలని స్పీకర్‌ను తలకిందులుగా బిగించేవాళ్లూ ఉన్నారు. వంపు సరిపోయాక నాకు దాని అవసరం కనిపించలేదు. అడ్డంగా పడుకోబెట్టడం మాత్రం వద్దు. అలా చేస్తే సోఫాలో పక్క సీటు వాళ్లకు వేరే పాట వినిపిస్తుంది.

ఇక సౌండ్. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్లిన శబ్దం గోడకు తగిలి ముందుకు తిరిగొస్తుంది. ముఖం నుంచి గోడకున్న దూరం తరంగం పొడవులో పావు వంతు అయిన చోట, తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని చంపుతుంది. స్టాండ్ల మీద ఉన్నప్పుడు ముఖానికీ గోడకూ మధ్య 87 సెంటీమీటర్లు ఉండేది. లెక్క ప్రకారం దెబ్బ తగిలేది 99 హెర్ట్జ్ దగ్గర. గోడ మీద 35 సెంటీమీటర్లు కాబట్టి అది 245 హెర్ట్జ్‌కు జరిగింది. ఇది కాగితం మీది తేడా కాదు, చెవికి తెలిసే తేడా. స్టాండ్ల మీద మృదంగం ఎడమవైపు దెబ్బకు బరువు ఉండేది కాదు, వేలి చప్పుడు వినిపించేది కానీ దాని వెనక గుమ్మనేది సగమే. గోడ మీద అది నిండుగా వచ్చింది. కచేరీలు వినే నాకు ఈ ఒక్కదానికే శ్రమంతా గిట్టుబాటయింది. 245 దగ్గర పోయినదాన్ని కొంత వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఉంది. స్పీకర్ వెనక గోడ మీద శబ్దాన్ని పీల్చే రెండంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు) పలకను గుడ్డలో చుట్టి పెట్టించాను, గొంతుల కింది భాగం సర్దుకుంది. మార్కెట్లో దొరికే అర అంగుళం గుడ్డు అట్టలాంటి ఫోమ్ ఇక్కడ పనిచేయదు. అంత పలుచటిది ఆ స్థాయి శబ్దాన్ని పీల్చలేదు.

గోడ దగ్గర లోతైన బేస్ మొత్తంగా పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. యాంప్లిఫయర్ బేస్ నాబ్‌ను మధ్య నుంచి కొంచెం ఎడమకు తిప్పాక మాకు సరిపోయింది. స్టాండ్ల రోజుల్లో ప్యూర్ డైరెక్ట్ బటన్ ఎప్పుడూ నొక్కే ఉండేది. ఆ బటన్ నొక్కితే బేస్, ట్రెబుల్ నాబులు పనిచేయవు కాబట్టి ఇప్పుడు దాని జోలికి వెళ్లడం లేదు. టోన్ నాబులు వాడటం తప్పని అనుకునేవాళ్లు గోడ జోలికి రాకపోవడమే మంచిది.

పోయిందేమిటంటే, లోతు. స్టాండ్ల మీద పాడేవాళ్లు ముందు, వయొలిన్ ఇంకొంచెం వెనక, తంబురా ఎక్కడో లోపల ఉన్నట్టు వినిపించేది. ఇప్పుడు అందరూ ఇంచుమించు ఒకే వరసలో కూర్చున్నారు. ఎడమ, కుడి తేడా బాగానే ఉంది, ముందూ వెనకా తేడా తగ్గింది. దీన్ని బ్రాకెట్టూ తీర్చదు, నాబూ తీర్చదు. లైట్లు ఆపి, ఒక్కరే కూర్చుని, కళ్లు మూసుకుని వినడం మీకు ముఖ్యమైతే స్టాండ్లే ఉంచుకోండి. మా ఇంట్లో పాట వంటింట్లోకి, డైనింగ్ టేబుల్ దగ్గరికి కూడా వినపడాలి. ఎత్తు మీద ఉండటంతో సోఫా వీపు, మనుషులు అడ్డురావడం తగ్గి, తక్కువ వాల్యూమ్‌లోనే ఇల్లంతా సమంగా వినిపిస్తోంది.

వైరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2.5 స్క్వేర్ ఎం.ఎం. అసలు రాగి వైరు చాలు. ఎనిమిది మీటర్ల దూరమైనా రానూపోనూ కలిపి నిరోధం 0.12 ఓమ్ దగ్గరే ఉంటుంది, 6 ఓమ్‌ల స్పీకర్‌కు అది లెక్కలోది కాదు. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న వైర్లు చూడ్డానికి లావుగా ఉంటాయి, వాటికి డబ్బులు పెట్టొద్దు. గోడ పగలగొట్టకుండా తెల్ల కేసింగ్ పట్టీలో తీసుకెళ్లి పైన గోడ రంగే వేయించాం. కరెంటు వైరున్న పట్టీలో మాత్రం దీన్ని దూర్చొద్దు.

గోడ ఎవరితో పంచుకుంటున్నామన్నది చాలామందికి తట్టని విషయం. స్పీకర్ గోడను పట్టుకుని ఉంటే దాని అదురు గోడలోకే వెళ్తుంది. అవతల పక్కింటివాళ్ల పడకగది ఉంటే పాట వినిపించకపోయినా దెబ్బ వినిపిస్తుంది. మేం బయటి గోడను ఎంచుకున్నది అందుకే. బయటి గోడకు ఇంకో చిక్కుంది, వానల్లో చెమ్మ. ఏడాది పొడవునా ఆ గోడ మీద మరకలు ఉన్నాయా, లప్పం పొరలుగా లేస్తోందా చూసుకోవాలి. చెమ్మెక్కిన గోడలో ప్లగ్ పట్టు నమ్మలేం. స్ప్లిట్ ఏసీ కింద అసలు పెట్టొద్దు, డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజున నీళ్లు నేరుగా స్పీకర్ మీదే కారతాయి.

మూడు వేసవులు గడిచాక క్లాంప్ రబ్బరు దిండ్లు గట్టిపడి, పెట్టె పక్కల మీద లేత ముద్రలు పడ్డాయి. ఎప్పటికైనా అమ్మాలనుకునేవాళ్లు మధ్యలో పలుచటి ఫెల్ట్ గుడ్డ పెట్టండి. ఏటా ఎండాకాలం మొదట్లో స్క్రూలన్నీ చేత్తో సరిచూస్తాను. వంపు స్క్రూ ఒక్కటే కొంచెం వదులవుతుంది, గోడ స్క్రూలు కదలలేదు. పైన ఇంకో కొక్కెం దించి, దాని నుంచి సన్నటి స్టీలు తాడు బ్రాకెట్ చుట్టూ, స్పీకర్ చుట్టూ వేసి ఉంచాను. క్లాంప్ ఎప్పుడైనా జారినా కింద ఆడుకునే పిల్లాడి మీద పడకూడదు. దీన్ని అదనపు పని అనుకోవద్దు, బ్రాకెట్‌తో పాటే కొనాల్సిన వస్తువుల్లో ఇదొకటి. మన ఇళ్లలో స్పీకర్ వెనక సందు బల్లులకు మహా ఇష్టం. పోర్ట్ చీలికలో కందిరీగలు మట్టి గూడు పెట్టే ప్రయత్నం కూడా చేశాయి. ఊరెళ్లేటప్పుడు చీలికకు గుడ్డ అడ్డం పెడుతున్నాం, బూజు దులిపేటప్పుడు టార్చి వేసి లోపల చూస్తున్నాం.

గోడ లైట్‌వెయిట్ బ్లాకులదై, స్పీకర్ 8 కిలోలు దాటి, పోర్ట్ కూడా వెనకే ఉంటే నేనైతే బిగించను. ఆ డబ్బుతో గొట్టంలో ఇసుక నింపుకునే బరువైన స్టాండ్లు కొని, పిల్లలు పెద్దయ్యేదాకా వాటిని సోఫా వెనక మూలకు చేర్చి ఉంచుతాను.