చెరువు గట్టు మీద పోకర్: రూ. 2,400 పెట్టి కొన్న పాఠాలు ఎంతవరకు పనికివచ్చాయి

భీమవరానికీ పాలకొల్లుకూ మధ్య వనామీ రొయ్యల చెరువు వేసినవారికి రాత్రి నిద్ర ఉండదని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు వేసి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పడానికి గట్టు మీద ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. మా పాకలో మమ్మల్ని మేలుకొలిపి ఉంచేది పేకాటే. చాలా ఏళ్లు పదమూడు ముక్కల రమ్మీ ఆడాము. మా మేనల్లుడు హైదరాబాదులో పోకర్ నేర్చుకొని వచ్చిన దగ్గరనుంచి టెక్సాస్ హోల్డెమ్ ఆడుతున్నాము. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా నేలమీద అయిదు ముక్కలు విడతలుగా పరుస్తూ, మధ్యమధ్యలో పందేలు వేసుకునే పోకర్ ఇది. చిప్పులకు బదులు చింతపిక్కలు వాడతాము, డబ్బు పెట్టము. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను దాని కిందికి తెచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రమే చట్టం చేసింది. అందువల్ల ఈ సమీక్ష ఆట మీద ఆసక్తి ఉన్నవారి కోసమే తప్ప సంపాదనకు దారి వెతుక్కునేవారి కోసం కాదు.

నేను కొన్నది ప్రత్యర్థుల రకాలను బట్టి ఆట మార్చుకోవడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు. కోర్సు పేరు కావాలనే రాయడం లేదు. అందులో ఇంగ్లీషులో 14 వీడియోలు, కంప్యూటర్ ఆటగాళ్లతో సాధన చేసుకునే ఒక యాప్ ఉన్నాయి. మొదటి మూడు వీడియోలు చేతికి వచ్చే రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చని, ఏ రంగన్నది వదిలేసి రెండూ ఒకే రంగా కాదా అన్నదే చూస్తే అవి 169 రకాలేనని, రెండు ఆసులు సగటున 221 పంపకాలకు ఒక్కసారి వస్తాయని చెప్పడానికే సరిపోయాయి. ఆట తెలిసినవారు వీటిని దాటేసి నాలుగో వీడియోతో మొదలుపెట్టవచ్చు.

అసలు సరుకు అక్కడినుంచే ఉంది. ఎదుటివాణ్ణి రెండు ప్రశ్నలతో కొలవమంటారు: ఎన్ని పంపకాల్లో దిగుతున్నాడు, దిగాక రైజ్ చేస్తున్నాడా (పందెం పెంచుతున్నాడా) లేక ఊరికే కాల్ చేస్తూ (ఎదుటివారు వేసినంతే వేస్తూ) వెంట వస్తున్నాడా. ఈ రెండు జవాబులను కలిపితే నాలుగు రకాల మనుషులు తేలతారు. నాలుగో వీడియో సగం చూసేసరికి మా పాకలోని వారందరూ నా కళ్లముందు వరుసగా నిలబడ్డారు. మా బాబాయి ప్రతి ముక్కకూ కాల్ చేసే మనిషి. రిటైరైన లెక్కల మాస్టారు మంచి ముక్కలుంటే తప్ప పిక్క కదపరు. మేనల్లుడు ముక్కలు చూడకముందే రైజ్ అనే రకం. చెరువు పక్క రైతు తక్కువగా దిగుతాడు కానీ, దిగితే గట్టిగా కొడతాడు.

బాబాయి లాంటివారి గురించి చెప్పిన పాఠం ఒక్కటే నేను పెట్టిన డబ్బులో సగానికి పైగా రాబట్టింది. కోర్సు కొనకముందు ఒక రాత్రి నా చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ పది ఉన్నాయి. నేలమీద ఆఠీన్ రాణి, ఆఠీన్ ఏడు, కళావర్ మూడు పడ్డాయి. ఇంకొక్క ఆఠీను వస్తే ఫ్లష్, అంటే అయిదూ ఒకే రంగు ముక్కలు. కనపడని 47 ముక్కల్లో ఆఠీన్లు తొమ్మిది ఉన్నాయి కాబట్టి, రాబోయే రెండు ముక్కల్లో ఒకటైనా ఆఠీను పడే అవకాశం దాదాపు 35 శాతం. రెండింటిలోనూ ఆఠీను పడలేదు. మధ్యలో 40 పిక్కలున్న కుప్పకు నేను మరో 40 తోసి బుకాయించాను. బాబాయి ముక్కలు మరోసారి చూసుకొని, "పోతే పోనీరా అబ్బాయ్, సూద్దారి" అంటూ 40 పిక్కలూ లెక్కపెట్టి తోశారు. ఆయన దగ్గరున్నది మూళ్ల జత. నేను దాన్ని దురదృష్టమనుకున్నాను. కుప్పకు సమానంగా పందెం వేసి బుకాయిస్తే సగం కన్నా ఎక్కువ సార్లు ఎదుటివాడు ముక్కలు పడేస్తేనే లాభమని, సగం పందెం వేస్తే మూడోవంతు కన్నా ఎక్కువ సార్లు పడేస్తే చాలునని కోర్సులో లెక్క కట్టి చూపించారు. బాబాయి పది సార్లలో ఒక్కసారి కూడా పడేయరు. అంటే తప్పు అదృష్టానిది కాదు, నాది.

ఆ పాఠంలోని రెండో సగం మరింత విలువైనది. ఇలాంటివారి మీద బుకాయింపు మానేస్తే చాలదు, ఒక మోస్తరు మంచి ముక్కలతోనూ చివరి పందెం వేయాలి. నేలమీద రాజు పడి, నా చేతిలో మరో రాజు ఉన్నప్పుడు నేను భయపడి చివర పందెం వేయకుండా చెక్ చేసేవాణ్ణి. ఇప్పుడు కుప్పలో సగం వేస్తున్నాను, బాబాయి తొమ్మిదుల జతతో కాల్ చేస్తున్నారు. కాల్ చేసినప్పుడు సగం కన్నా ఎక్కువ సార్లు మన ముక్కలే పెద్దవైతే ఆ పందెం వేయడం సరైనదే.

బాబాయికి ఈ అలవాటు ఎక్కడిదో కోర్సు చెప్పలేదు, రమ్మీలో పెరిగినవాణ్ణి కాబట్టి నాకే తట్టింది. 101 పాయింట్లు చేరినవారు బయటికి పోయే 101 పూల్ రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే (ముక్కలు పడేస్తే) 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఓడితే గరిష్ఠంగా 80 పడతాయి. అక్కడ పడేయడానికి ఎప్పుడూ ఖరీదుంది, ఒక్కసారి ముక్క లాగితే ఆ ఖరీదు రెట్టింపవుతుంది. ఆ లెక్కలో పండిన మనిషి పోకర్‌లో బ్లైండ్ (ముక్కలు చూడకముందే వంతులవారీగా తప్పనిసరిగా వేసే పందెం) వేయని పంపకంలో ఉచితంగా తప్పుకోవచ్చంటే నమ్మడు. మన జిల్లాల్లో పోకర్ నేర్పేవారు ఈ ఒక్క మాటతో మొదలుపెడితే బాగుంటుంది.

మేనల్లుడి వంటివారి మీద ఎదురు రైజ్‌లతో పోటీకి పోకుండా, మధ్యరకం ముక్కలతో ఓపికగా కాల్ చేసి వాళ్ల పిక్కలను వాళ్ల చేతే తోయించుకోవాలన్న సలహా బాగానే పనిచేసింది, కాకపోతే గుండె దిటవు కావాలి.

లోపాల విషయానికి వస్తే, ఉదాహరణలన్నీ వేలాది పంపకాలను నమోదు చేసే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడ్డవి. గట్టు మీద చేత్తో ముక్కలు కలిపి పంచుకునే మాకు గంటకు 15 పంపకాలు దాటవు. నేను నోటు పుస్తకంలో 60 పంపకాలు రాసుకుంటే, బాబాయి 41 సార్లు, మాస్టారు 9 సార్లు దిగినట్లు తేలింది. ఎవరు వదులుగా ఆడతారో, ఎవరు బిగించి ఆడతారో చెప్పడానికి ఆ మాత్రం చాలు. రెండోసారి రైజ్ చేస్తే మాస్టారు పడేస్తారా అన్న ప్రశ్నకు మాత్రం ఆ 60లో రెండే సందర్భాలు దొరికాయి. ఇంత తక్కువ సమాచారంతో దేన్ని నమ్మవచ్చో, దేన్ని నమ్మకూడదో కోర్సులో ఎక్కడా విడమరచి చెప్పలేదు. ఇది చిన్న లోపం కాదు.

సాధన యాప్‌లో బిగించి ఆడే కంప్యూటర్ ఎన్ని పంపకాలైనా బిగించే ఆడుతుంది, మనిషి అలా ఉండడు. మాస్టారు రైజ్ చేస్తే తప్పుకోవాలన్న సూత్రాన్ని నేను మూడు వారాలు తూచా తప్పకుండా పాటించాను. ఒక రాత్రి ఆయన వరుసగా నాలుగు పంపకాల్లో రైజ్ చేస్తే నాలుగుసార్లూ రెండు రాణులు, రెండు పదులు లాంటివి కూడా పడేశాను. అయిదోసారి గెలిచాక ఆయన తన ముక్కలు తిప్పి చూపించారు: ఇస్పేట్ ఏడు, డైమన్ రెండు, అన్నిటికన్నా పనికిరాని ముక్కలు. మేత బస్తాల మీద నేను మరచిపోయి వెళ్లిన నోటు పుస్తకాన్ని ఆయన అంతకు వారం క్రితమే తిరగేశారట. తన పేరు ఎదురుగా నేను రాసుకున్న "రైజ్ చేస్తే తప్పుకో" అన్న వాక్యాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పి, నా లెక్కల్లో ఒక కూడిక తప్పు కూడా చూపించారు.

రమ్మీ నుంచి పోకర్‌కు వచ్చి, ఇంగ్లీషు అర్థమై, ఎదుటివారిని గమనించే ఓపిక ఉన్నవారు నాలుగు నుంచి తొమ్మిది వరకు ఉన్న వీడియోల కోసం ఈ కోర్సు కొనవచ్చు. మిగిలినవి చూడకపోయినా నష్టం లేదు. రెండో భాగాన్ని తగ్గింపు ధరకు ఇస్తామని వారానికి రెండు సందేశాలు వస్తున్నాయి, ఈ పంట పట్టుబడి అయ్యేదాకా కొనే ఉద్దేశం లేదు. నోటు పుస్తకాన్ని మాత్రం ఇప్పుడు ఇంట్లోనే పెట్టి వస్తున్నాను.