పెట్రోల్ 135, డీజిల్ 135: రెండింటినీ ఏళ్ల తరబడి నడిపాక

నా దగ్గర మాస్సీ ఫెర్గుసన్ 135 ట్రాక్టర్లు రెండున్నాయి. ఒకటి డీజిల్, ఒకటి పెట్రోల్. డీజిల్ బండి నా చేతికొచ్చి పద్నాలుగేళ్లయింది, పెట్రోల్ బండి వచ్చి తొమ్మిదేళ్లు. పాత ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట, "రెండిట్లో ఏది తీసుకోమంటారు?" అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఒకసారి స్టార్ట్ చేస్తే ఎంతసేపు నడుపుతారు? నా మటుకు నాకు మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ఈ మోడల్ 1964లో వచ్చింది, 1975 దాకా తయారైంది. నా పెట్రోల్ బండిలో ఉన్నది నాలుగు సిలిండర్ల కాంటినెంటల్ జడ్145 ఇంజను, సుమారు 2.4 లీటర్లది. డీజిల్ బండిలో మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఏడీ3.152, 2.5 లీటర్లది. పీటీఓ (వెనక యంత్రాలను తిప్పే షాఫ్టు) దగ్గర పెట్రోల్‌ది 35 హెచ్‌పీ, డీజిల్‌ది 37 హెచ్‌పీ, కాస్త అటూఇటూగా. గేరుబాక్సు, హైడ్రాలిక్స్, వెనక యాక్సిల్ రెండింటివీ ఒకటే తీరు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించే తేడా ఇంజనుదే అని నమ్మకంగా చెప్పగలను.

హెచ్‌పీ లెక్కలో తేడా రెండే. నాగలి నేలలో దిగాక మాత్రం రెండూ వేరువేరు బళ్లు. రెండు కర్రుల నాగలి తగిలించి, చేనులో బంకమట్టి ఎక్కువగా ఉండే మూలకు వచ్చేసరికి డీజిల్ ఇంజను గొంతు మారుతుంది. రేస్ కాస్త దిగుతుంది, సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ ఒక్క గుక్క వస్తుంది, కానీ బండి ఆగదు. అదే మొండితనంతో చాలు చివరిదాకా లాక్కుపోతుంది. పెట్రోల్ బండి అదే చోట మొదట చురుగ్గానే పట్టుకుంటుంది, రేస్ పడిపోకుండా చూసే గవర్నర్, గాలి దారి మూత అయిన థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచేస్తుంది. అదీ చాలకపోతే రేస్ గబగబా పడిపోతుంది. వెంటనే క్లచ్ తొక్కి కింది గేరు వేయకపోతే ఇంజను ఆగిపోతుంది. గంటసేపు దున్నేవాడికి ఇది పెద్ద విషయం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దున్నేవాడికి మాత్రం కాళ్లు, చేతులు చెబుతాయి.

ఇక ఇంధనం. గడ్డి కోసే యంత్రాన్ని పీటీఓకు తగిలించి రెండు బళ్లనూ ఒకే చేలో నడిపి, ట్యాంకు నింపిన ప్రతిసారీ రాసుకున్నాను. పెట్రోల్ బండి గంటకు ఏడు లీటర్ల దాకా తాగింది, డీజిల్ బండి నాలుగున్నర. దీనికి కారణాలు మూడు. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో కన్నా పది శాతం పైచిలుకు ఎక్కువ. డీజిల్ ఇంజను కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే మోతాదు) పెట్రోల్ దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. మూడోది చాలామంది గమనించనిది. పెట్రోల్ ఇంజను సగం లోడు మీద ఉన్నప్పుడు సగం మూసుకున్న థ్రాటిల్ గుండా కష్టపడి గాలి పీల్చుకోవాలి, ఆ పీల్చడానికే కొంత శక్తి పోతుంది. డీజిల్‌కు ఆ అడ్డు లేదు. గాలి ఎప్పుడూ నిండుగానే వెళ్తుంది, పంపు ఎంత డీజిల్ వదిలితే అంత పని. అందుకే తేలిక పనుల్లోనే ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్టార్టింగ్ దగ్గర లెక్క తిరగబడుతుంది. చలిగా ఉన్న పొద్దున పెట్రోల్ బండికి చోక్ లాగి మీట తిప్పితే రెండు తిప్పుల్లో అందుకుంటుంది. డీజిల్ బండికి ముందు హీటర్ పెట్టి పదిహేను, ఇరవై సెకన్లు ఆగాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, స్టార్టర్ మోటారు గట్టిగా తిప్పాలి. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా తెల్లటి పొగే తప్ప మంట అంటుకోదు. తొలి రోజుల్లో డీజిల్ ట్రాక్టర్లు తయారు చేసినవాళ్లను కూడా ఈ స్టార్టింగే ఎక్కువ కష్టపెట్టింది. 1940లలో వచ్చిన ఫార్మాల్ ఎండీ ట్రాక్టర్‌లో డీజిల్ ఇంజనుకే ప్లగ్గులు, కార్బొరేటర్ కూడా పెట్టారు. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక డీజిల్‌కు మార్చేవాళ్లు. 1949 నాటి జాన్ డీర్ ఆర్‌లో పెద్ద ఇంజనును తిప్పడానికే వేరే చిన్న పెట్రోల్ ఇంజను ఉండేది. అవి చూశాక నా బండికి హీటర్ పెట్టి ఇరవై సెకన్లు ఆగడం కష్టమనిపించదు.

రిపేర్ల దగ్గరే నాకు ఎక్కువ చెప్పాలనుంది. పెట్రోల్ బండి తరచుగా చిన్న జబ్బు పడుతుంది. డీజిల్ బండి ఎప్పుడో ఒకసారి పడుతుంది, పడితే పెద్ద జబ్బే.

రెండో ఏడాది పెట్రోల్ బండిని నాలుగు నెలలు కదపకుండా ఉంచాను, ట్యాంకులో పెట్రోల్ తీయలేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే చోక్ లాగి ఉంచినంతసేపే నడిచింది. చోక్ లోపలికి తోస్తే దగ్గి ఆగిపోయింది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పాను. అడుగున తేనె రంగు జిగురు పేరుకుని ఉంది, అందులో గోరు గుచ్చితే గుర్తు పడింది. పెట్రోల్ వెళ్లే మెయిన్ జెట్ రంధ్రం వెలుగుకు ఎత్తి చూస్తే వెలుగే రాలేదు. సాల్వెంట్‌లో రాత్రంతా నానబెట్టి, గాలి కొట్టి, మళ్లీ బిగించాను. స్క్రూడ్రైవర్, రెండు స్పానర్లు, ఒక పూట పని. అంతే. స్పార్క్ ఇచ్చే పాయింట్లు గీకడం, కండెన్సర్ మార్చడం, మంచు పడ్డ పొద్దున డిస్ట్రిబ్యూటర్ మూత లోపలి తేమ తుడవడం, ఇవన్నీ ఈ కోవలోవే. ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తాయి, ఏ ఒక్కదానికీ మెకానిక్‌ను పిలవలేదు.

డీజిల్ బండి పద్నాలుగేళ్లలో నన్ను చేలో ఆపింది రెండేసార్లు. మొదటిసారి ట్యాంకు ఖాళీ కానిచ్చాను. పెట్రోల్ బండి అయితే ఇంధనం పోసి స్టార్ట్ చేస్తే సరి. డీజిల్‌కు లైన్లో గాలి చేరితే అలా కుదరదు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, లిఫ్ట్ పంపు పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో కొట్టుకుంటూ ఉండాలి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్ ధార. అప్పుడు ఆ స్క్రూ బిగించి ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర మళ్లీ అదే పని. ఆ తర్వాత ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు సగం తిప్పి స్టార్టర్ కొడితే, ఒక్కో దాని దగ్గర డీజిల్ చిమ్ముతుంది. అది చూసి నట్లు బిగిస్తే ఇంజను అందుకుంటుంది. నట్లు వదులుగా ఉన్నప్పుడు చెయ్యి దగ్గర పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపిస్తుంది, కానీ ఆలస్యం చేస్తే వేలే పోవచ్చు.

రెండోసారి ఇంధనంలో నీళ్లు కలిసి ఇంజెక్షన్ పంపు (రోటరీ రకం) లోపలి భాగాలు పాడయ్యాయి. అది ఇంట్లో విప్పే వస్తువు కాదు. టెస్ట్ బెంచి మీద పెట్టి కొలతలు సరిచేయగల పంపు మెకానిక్ దగ్గరికి పంపాల్సిందే. ఆ ఒక్క బిల్లు, పెట్రోల్ బండికి తొమ్మిదేళ్లలో కొన్న పాయింట్లు, ప్లగ్గులు, కాయిళ్ల మొత్తం ఖర్చును దాటేసింది. అప్పటినుంచి ఫిల్టర్ గిన్నెలో నీళ్లు వారం వారం వదులుతున్నాను, పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపేస్తున్నాను. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై దిగుతుంది.

ఇంజను ఓవర్‌హాలింగ్ దాకా వస్తే పెట్రోల్ బండిదే సులువు. దాని లైనర్ల (పిస్టన్ తిరిగే గొట్టాల) చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి కాబట్టి పాతవి లాగి కొత్తవి దింపుకోవచ్చు. డీజిల్ ఇంజనువి బ్లాకులో బిగుతుగా కూర్చున్న డ్రై లైనర్లు. వాటికి ప్రెస్సు, మెషిన్ షాపు కావాలి. కాకపోతే నా డీజిల్ ఇంజను ఇంతవరకు ఆ అవసరమే తేలేదు.

పెట్రోల్ బండి విషయంలో ఒక భయం మాత్రం ఇప్పటికీ ఉంది. ఈ ట్రాక్టర్ ట్యాంకు సరిగ్గా ఇంజను పైనే, బానెట్ కింద ఉంటుంది. వేడి ఇంజను మీద పెట్రోల్ పోయడం మంచిది కాదు. చల్లారేదాకా ఆగుతాను, ఎంత పని ఆగినా సరే.

ఏడాదికి వంద గంటలు కూడా నడపనివాళ్లు, పది నిమిషాలకోసారి స్టార్ట్ చేసి ఆపే పనులున్నవాళ్లు, స్పానర్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లు పెట్రోల్ దాన్ని నిశ్చింతగా తీసుకోండి. చాలామంది వద్దంటారు కాబట్టి తక్కువకే దొరుకుతుంది. దున్నడం, గడ్డి చుట్టడం, నీళ్ల పంపు తిప్పడం లాంటి గంటల తరబడి పని ఉంటే డీజిలే, రెండో ఆలోచన వద్దు.

చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. పెట్రోల్ బండికి ఇది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. డీజిల్ బండి అయితే, అరిగిన ఇంజను కూడా వేడిమీద చక్కగానే స్టార్ట్ అవుతుంది. "రేపు పొద్దున వస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి" అని చెప్పి వచ్చేయండి. నేను డీజిల్ బండిని అలాగే రెండో రోజు పొద్దున చూసి కొన్నాను.