మాంజనార్: పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాల్సిన చోటు

లాస్ ఏంజెలెస్ నుంచి 395 హైవే మీద ఉత్తరంగా దాదాపు నాలుగు గంటల డ్రైవ్. ఎడమపక్క సియెరా నెవాడా కొండలు మనతోనే వస్తుంటాయి. లోన్‌పైన్ ఊరు దాటాక కాసేపటికి రోడ్డు పక్కన చెక్కతో కట్టిన కాపలా బురుజు కనబడుతుంది. అదే మాంజనార్.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, అమెరికా ప్రభుత్వం ఇక్కడ జపాన్ మూలాలున్న కుటుంబాల్ని బంధించి ఉంచింది. ఒక దశలో పదివేల మందికి పైగా ఉండేవాళ్లు. ఇలాంటి క్యాంపుల్లో పెట్టినవాళ్లు దేశం మొత్తం మీద లక్షా ఇరవై వేల మంది. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. విచారణ అన్నది ఎవరికీ లేదు.

ప్రవేశం ఉచితం. పాత హైస్కూలు ఆడిటోరియమే ఇప్పుడు మ్యూజియం. రేంజర్లు (ఇక్కడి పార్కు సిబ్బంది) ఓపిగ్గా మాట్లాడతారు, పిల్లలకి విడిగా ఒక బుక్‌లెట్ ఇస్తారు. మా తొమ్మిదేళ్ల పాప దాన్ని పూర్తిచేసి బ్యాడ్జి తెచ్చుకుంది. కానీ మ్యూజియంలోనే గంటలు గడిపేయకండి. బయట 14వ బ్లాకులో మళ్లీ కట్టిన, అప్పట్లో కుటుంబాల్ని ఉంచినలాంటి బ్యారక్‌లకి ఎక్కువ టైమ్ ఉంచుకోండి.

ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవున్న ఒక్క గదిలో ఎనిమిది మంది. గడ్డి కుక్కిన పరుపులు, ఒక చమురు పొయ్యి, వేలాడే ఒక బల్బు. నేలచెక్కల సందుల్లోంచి దుమ్ము పైకి లేస్తుంటే డబ్బాల మూతలు మేకులతో కొట్టి మూసుకున్నారట. ఆడవాళ్ల మరుగుదొడ్ల దగ్గర వరుసగా కమోడ్లు ఉన్నాయి, మధ్యన గోడల్లేవు. పాప నా చెయ్యి పట్టుకుని "తలుపులేవమ్మా?" అంది. క్యాంపులో ఉన్న అమ్మాయిలకి రోజూ ఇదే.

నన్ను ఎక్కువ కదిలించింది మెస్ హాల్. పొడుగాటి బల్లలు, గంట కొట్టగానే క్యూ. కొన్నాళ్లకి పిల్లలు స్నేహితులతో కలిసి వేరే బల్లల దగ్గర, వేరే బ్లాకుల్లో తినడం మొదలుపెట్టారు. అమ్మానాన్నలతో కలిసి కూర్చుని తినే అలవాటు చాలా ఇళ్లలో అక్కడే పోయింది. ముళ్లకంచె కంటే ఇదే నాకు పెద్ద నష్టమనిపించింది. అమ్మానాన్నలు లేని 101 మంది పిల్లల్ని కూడా తెచ్చి ఇక్కడి అనాథాశ్రమంలో పెట్టారు. క్యాంపులోనే 541 మంది పుట్టారు.

శ్మశానంలో తెల్లటి స్తూపం, వెనక విలియమ్సన్ శిఖరం. ఒక చిన్న సమాధి మీద ఎవరెవరో వదిలివెళ్లిన బొమ్మలున్నాయి. అక్కడ మేమెవరం మాట్లాడలేదు.

బస లోన్‌పైన్‌లో. మేం దిగిన మోటెల్‌లో ఆ రాత్రి వేడినీళ్లు రాలేదు, కౌంటర్లో ఎవరూ లేరు. రూము తీసుకునే ముందే కుళాయి తిప్పి చూసుకోండి. శాకాహారం దొరకడం కష్టం, మా పులిహోరే మమ్మల్ని ఆదుకుంది. మాంజనార్ లోపల కారులో తిరగడానికి మూడు మైళ్ల దారి ఉంది గానీ తినడానికేమీ దొరకదు, నీడ కూడా తక్కువే. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. వేసవిలో ఎండ చాలా తీవ్రం, ఏప్రిల్ గానీ అక్టోబర్ గానీ నయం.

చివర్లో 34వ బ్లాకు తోట వదలొద్దు. అన్నం కోసం క్యూలో నిలబడేవాళ్లకి కాస్త ఊరటగా ఉంటుందని, అక్కడి మనుషులే రాళ్లు పేర్చి, కొలను కట్టి చేసుకున్నది. ఇప్పుడు కొలను ఎండిపోయింది. రాళ్లు మాత్రం పేర్చినచోటే ఉన్నాయి.