పోకర్‌టీహెచ్: కాన్ఫిగ్ ఫైలు తెరిచి మార్చుకోదగ్గవి, మార్చినా లాభం లేనివి

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తలుపులు మూశాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఉత్తుత్తి చిప్స్‌తో టెక్సస్ హోల్డెమ్ పోకర్ ఆడుకునే కంప్యూటర్ ప్రోగ్రాం పోకర్‌టీహెచ్‌కు ఆ గొడవ లేదు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా 1.1.2 వెర్షన్ గురించి.

దీని సెట్టింగులన్నీ కాన్ఫిగ్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పోకర్‌టీహెచ్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్ అనే ఫోల్డర్లు దాటి వెళ్లాలి. ఆ యాప్‌డేటా మామూలుగా కనిపించదు, హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తేనే బయటపడుతుంది. నిజానికి ఇందులో చాలావరకు ప్రోగ్రాం సెట్టింగుల కిటికీలోనూ ఉన్నవే. ఫైలు లాభమల్లా అన్నీ ఒకచోట కనిపించడం, మరో కంప్యూటర్‌కు కాపీ కొట్టుకోగలగడం.

మార్చే ముందు ప్రోగ్రాం పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా మారిస్తే, అది తన మెమరీలోని పాత విలువలనే మళ్లీ ఫైల్లో రాసేస్తుంది. ‘మార్చాను, పనిచేయలేదు’ అనేవాళ్లలో ఎక్కువమందిది ఇదే కథ. తర్వాత ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. నోట్‌ప్యాడ్ చాలు. వర్డ్‌లో తెరిస్తే నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులైపోతాయి, అప్పుడు ఎక్స్ఎంఎల్ చదవడం కుదరదు. ఒక్క గుర్తు ఎగిరిపోయినా అంతే. పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలను అసలు ముట్టుకోవద్దు, కొటేషన్ల మధ్య ఉన్న విలువనే మార్చాలి.

అన్నిటికంటే తేడా తెచ్చేది బ్లైండ్ల లెక్క. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలే బ్లైండ్లు, చిన్నదానికి పెద్దది రెట్టింపు. మొదటి అమరిక ఇలా ఉంటుంది: 10 మంది, 5000 చిప్స్, చిన్న బ్లైండ్ 10, ప్రతి 8 చేతులకూ (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక చేయి) రెట్టింపు. పదిమంది టేబుల్‌లో, చేతికొక స్థానం జరిగే డీలర్ బటన్ (పంచే వంతు గుర్తు) ఒక చుట్టు తిరగకముందే బ్లైండ్ పెరిగిపోతోందన్నమాట. మొదట్లో చేతిలో 250 పెద్ద బ్లైండ్లు ఉంటాయి, 41వ చేతికి బ్లైండ్లు 320, 640 అవుతాయి. అప్పటికీ 5000 మీదే ఉన్నవాడికి మిగిలేది ఎనిమిది బ్లైండ్లు కూడా కాదు. అక్కడి నుంచి ఆలిన్ (ఉన్నదంతా పెట్టేయడం), ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం) తప్ప ఆట ఏముంది? రెయిజ్‌బ్లైండ్స్‌అట్‌హ్యాండ్స్ విలువను 20 చేయండి. అప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పూర్తి చుట్లు దొరుకుతాయి. అయిదుగురితో ఆడితే 10 చాలు.

కంప్యూటర్ ఆటగాళ్లతో ఆడేటప్పుడు గేమ్‌స్పీడ్‌ను 4 నుంచి 8కి పెంచితే హాయిగా సాగుతుంది. మరీ పైకి వెళ్తే ఎవరు రెయిజ్ చేశారో (పందెం పెంచారో) కంటికి ఆనేలోపే మీ వంతు వచ్చేస్తుంది. నెట్‌లో ఆడేటప్పుడు మాత్రం మీ ఫైల్లోని వేగం చెల్లదు, టేబుల్ తెరిచినవారు పెట్టిందే నడుస్తుంది.

యాక్సిడెంటల్లీకాల్‌బ్లాకర్‌ను 1 చేసి ఉంచండి. మీరు చెక్ (ఏమీ పెట్టకుండా వంతు దాటించడం) నొక్కబోతుండగా ఎవరైనా రెయిజ్ చేస్తే, అదే బటన్ కాల్‌గా, అంటే ఆ పందేనికి సరిపడా పెట్టేదిగా మారిపోతుంది. ఆ క్షణంలో వేలు పడకుండా ఇది కాసేపు ఆపుతుంది. పక్కన జనం కూర్చునే చోట యాంటీపీక్‌మోడ్ పనికొస్తుంది, మీ పేకముక్కలు అస్తమానం తెరిచి ఉండవు.

ఆట నేర్చుకోవాలనుకునేవారికి అసలు నిధి లాగ్, అంటే ఆడిన చేతుల రికార్డు. లాగ్‌స్టోర్‌డ్యూరేషన్ మొదట్లో 2 ఉంటుంది, అంటే రెండు రోజులు దాటిన చేతుల రికార్డు తనంతట తనే తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని 30 చేయండి. ఆ రికార్డు ఫైలు పేరు చివర పీడీబీ అనే పొడిగింపు చూసి కంగారుపడొద్దు, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేసే. ఆ రకం ఫైళ్లు చదివే ఏ ఉచిత సాధనంతోనైనా ఏ చేతిలో ఎవరు ఎంత పెట్టారో వరుసగా చూసుకోవచ్చు.

ముక్కలు బాగా పడే ‘రహస్య సెట్టింగ్’ కోసం వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటిది లేదు. నెట్ ఆటలో ముక్కలు పంచేది సర్వర్, ఎదుటివారి చేతిలోవి బయటపడేదాకా మీ కంప్యూటర్‌కు చేరవు. ర్యాంకింగ్ ఆటల్లో మొదటి చిప్స్, బ్లైండ్లు కూడా మీ చేతిలో ఉండవు. అటువంటి ‘ప్యాచ్’ అమ్మేవాడు ఎదురైతే వాడి కన్ను మీ పాస్‌వర్డ్ మీద ఉన్నట్టే.

ఏదైనా తారుమారైతే ప్రోగ్రాం మూసి, ఫైలు పేరు మార్చి, మళ్లీ తెరవండి. కొత్త ఫైలు మొదటి విలువలతో పుడుతుంది. మీ పేరు, టేబుల్ రూపం మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే.