ఎనభై లీటర్ల సముద్రంలో ఎనిమోనీ: నాలుగేళ్ల తర్వాత

మా ఇంట్లో రొయ్యల ఇగురు వండే రోజున అమ్మ ఒక్క రొయ్యని ఉప్పూ పసుపూ తగలకముందే తీసి పక్కన పెడుతుంది. "నీ పువ్వుకి నైవేద్యం తీశాన్రా, ఫ్రిజ్‌లో పెట్టుకో" అంటుంది. ఆ పువ్వు మా హాల్లో ఉప్పునీటి ట్యాంకులో, రాతి సందులో కాలు దూర్చుకుని కూర్చున్న బబుల్ టిప్ ఎనిమోనీ. పువ్వు కాదు, జంతువు. జెల్లీఫిష్‌కీ పగడాలకీ చుట్టం. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి నాలుగేళ్లు దాటింది. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు "మేమూ పెట్టుకుందామనుకుంటున్నాం, ఎలా ఉంది?" అని అడిగారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ట్యాంకు సంగతి. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40. లెక్కకి 96 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను, పైన కాస్త ఖాళీ వదలగా నీళ్లు 80 లీటర్లు ఉంటాయి. ఉప్పునీటి ట్యాంకుల్లో ఇది చిన్నదే. ఇంతకంటే చిన్నదాంట్లో ఎనిమోనీని పెట్టమని నేను ఎవరికీ చెప్పను. లోపలున్న రాయి పగడపు రాయి కాదు, సిరామిక్‌తో చేసింది. మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయిని లైవ్ రాక్ అంటూ ఎవరైనా అమ్మజూపితే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ఇప్పుడున్నది నా రెండో ఎనిమోనీ. మొదటిదాన్ని నేనే చంపాను. ట్యాంకు పెట్టి రెండు నెలలు కూడా కాలేదు. ఒక షాపులో మల్లెపువ్వులా తెల్లగా, కొసలకి మాత్రం వంకాయ రంగుతో ఒకటి కనిపించింది. ముచ్చటపడి కొనేశాను. ఆ తెలుపు అందం కాదు, జబ్బు. ఎనిమోనీ ఒంట్లో కంటికి ఆనని నాచు కణాలు కాపురముంటాయి. వెలుతురుతో వండి దానికి తిండి పెట్టేవి అవే, దాని గోధుమ రంగూ వాటిదే. నీళ్లు వేడెక్కినా, ప్రయాణంలో నలిగినా వాటిని బయటికి వదిలేసి తెల్లబడిపోతుంది. నేను ఇంటికి తెచ్చుకున్నది పస్తులున్న జీవిని. ఐదు వారాల్లో కుంచించుకుపోయి, నోరు తెరుచుకుని, ఒక ఉదయం జిగురు ముద్దలా కనిపించింది. ఇల్లంతా చేపల బజారు వెనక మురుగు కాలవ వాసన. గబగబా తీసేసి సగం నీళ్లు మార్చాను. చేపలు బతికాయి.

ఆ షాపులోనే మరోసారి చేపలకి తెల్లమచ్చ తెగులని చెబితే రాగి మందు చేతిలో పెట్టి "ట్యాంకులో పోసెయ్యండి, ఏం కాదు" అన్నారు. రాగి చేపలకి మందే. ఎనిమోనీలకీ, నత్తలకీ, రొయ్యలకీ విషం. చేపల్ని వేరే డబ్బాలోకి మార్చి వైద్యం చేసుకోవాలి తప్ప ఎనిమోనీ ఉన్న ట్యాంకులో రాగి చుక్క పడకూడదు.

తర్వాత ఏడాది ఆగాను. బెంగళూరులో ఒక మిత్రుడి ట్యాంకులో ఎనిమోనీ చీలి రెండయింది, ఒకటి ఇస్తానన్నాడు. ఆక్సిజన్ నింపిన సంచిలో, థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని రాత్రి కాచిగూడ రైలెక్కాను. పక్క బెర్తు పెద్దాయన "చేపలా బాబూ?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక "ఆఁ, అలాంటిదేనండీ" అన్నాను. ట్యాంకులోనే పుట్టింది కాబట్టి ట్యాంకు బతుక్కి అలవాటుపడిన జీవి అది. కొనబోయేవాళ్లు ఇలాంటిదాని కోసమే వెతకాలి. రంగు ముదురుగా ఉండాలి, నోరు బిగించి ఉండాలి, కాలు చిరిగి ఉండకూడదు, నోటి చుట్టూ ఉండే పోగుల్లో, అంటే టెంటకిల్‌కి, వేలు తగిలితే జిగురులా అంటుకోవాలి. మన వేలి చర్మం మందం కాబట్టి దాని దంశకణాల పోటు తెలియదు. మోచేతి లోపలివైపు తగిలి నాకు రెండ్రోజులు ఎర్రగా దద్దురు లేచింది.

ఇక నీళ్లు. తలనొప్పి అంతా ఇక్కడే. ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 పీపీఎం లోపు, ఆల్కలినిటీ (క్షారత) 8 నుంచి 10 డీకేహెచ్. ఈ అంకెలు ఒకరోజు తెచ్చుకోవడం ఎవరికైనా వస్తుంది. రోజూ అక్కడే నిలబెట్టడం, అదీ 80 లీటర్లలో, వేరే సంగతి. ఎండాకాలంలో నీళ్ల మీదికి ఫ్యాన్ తిప్పితే నా ట్యాంకులో రోజుకి రెండున్నర లీటర్లు ఆవిరైపోతాయి. పోయేవి మంచినీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. మూడు రోజులు మర్చిపోతే 80 లీటర్లు 72.5కి దిగుతాయి, లీటరుకి 35 గ్రాములుండాల్సిన ఉప్పు 38 దాటుతుంది. చేపలు ఓర్చుకుంటాయేమో గానీ ఎనిమోనీ ఓర్చుకోదు. తగ్గిన మేరకి పోయాల్సింది కూడా మంచినీళ్లే. ఉప్పునీటి ట్యాంకు కదా అని ఉప్పునీళ్లు పోసినవాళ్లని నాకు తెలుసు.

మొదటి ఎండాకాలం గాజు మీద మార్కర్‌తో గీత గీసి చెంబుతో పోసేవాణ్ణి. ఊరెళ్లాలంటే టెన్షన్. రెండో ఏడు, తగ్గిన నీళ్లని తనంతట తనే పోసే ఆటో టాప్ ఆఫ్ కొన్నాను. ఒక సెన్సర్, బుల్లి మోటారు, పక్కన 10 లీటర్ల క్యాన్, అంతే. నాలుగేళ్లలో కొన్న సామానులో పూర్తి మార్కులు దీనికే. ఒకటే పేచీ. నత్త పాకి వెళ్లి సెన్సర్ మీద కూర్చుంటే అది నీళ్లున్నాయనుకుని మోటారు ఆపేస్తుంది. వారానికోసారి వేలితో తుడుస్తాను, నత్తగారిని దించుతాను.

మంచినీళ్లు అన్నాను గానీ కుళాయి నీళ్లు కాదు. తాగే ఆర్వో నీళ్లూ సరిపోవు, చాలా మిషన్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుస్తాయి. మా ఇంట్లో టీడీఎస్ 40 దాకా వచ్చేది, రాళ్ల మీద నాచు తెగ పెరిగేది. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించి సున్నాకి తెచ్చాక తగ్గింది. ఆదివారం ఆదివారం 8 లీటర్లు మారుస్తాను. లీటరుకి 37 గ్రాముల చొప్పున ఉప్పు, ముందురోజు రాత్రే కలిపి తిరుగుతూ ఉంచుతాను.

అన్నీ ఇలా సవ్యంగా చేస్తున్నా రెండో ఏడాది ఒకసారి పది రోజులు ముడుచుకుపోయింది. టెస్టులన్నీ బాగానే ఉన్నాయి. సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 1.025. చివరికి ఇంకొకరి మీటర్ అరువు తెచ్చి చూస్తే 1.029! నా మీటర్‌ని ఎప్పుడూ మంచినీటి చుక్కతో సున్నాకి సరిచేసేవాణ్ణి. సున్నా దగ్గర బుద్ధిగానే ఉండేది, సముద్రపు నీటి దగ్గరికొచ్చేసరికి అబద్ధం చెప్పేది. సముద్రపు నీటంత ఉప్పుండే 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది, దానితోనే సరిచేయాలి. సాంద్రతని ఒక్కసారిగా కాకుండా వారం పాటు కొద్దికొద్దిగా దించాను. తొమ్మిదో రోజు పొద్దున్న కాఫీ గ్లాసుతో వెళ్లి చూస్తే పళ్లెమంత విప్పుకుని ఉంది.

మే నెల గురించి కూడా చెప్పాలి. గది 34 డిగ్రీలుంటే ట్యాంకు 31కి చేరుతుంది. రెండు చిన్న ఫ్యాన్లు మూడు డిగ్రీలు దించుతాయి, మధ్యాహ్నం కాసేపు ఏసీ. వైజాగ్‌లో మా అన్నయ్య ఇదే పద్ధతి చూస్తే కుదరలేదు. అక్కడి ఉక్కపోతలో నీళ్లు ఆవిరవ్వవు, ఆవిరవ్వకపోతే చల్లబడవు. తీరంలో ఉండేవాళ్లు నీళ్లు చల్లబరిచే మిషన్‌కి (చిల్లర్) డబ్బు పక్కన పెట్టుకోవాల్సిందే. గాలివానకి కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి చాలు, ఐదు గంటలు నెట్టుకొచ్చాను.

కాళ్లు లేని జంతువు నడుస్తుందంటే మా ఆవిడ మొదట నమ్మలేదు. ఎనిమోనీకి ఉన్నది ఒకే కాలు, పాదంలాంటి బిళ్ల. దాన్ని సందులో బిగించి కూర్చుంటుంది, నచ్చకపోతే గంటకి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకుతుంది. మూడో నెలలో నేను బుద్ధి లేక ఎల్ఈడీ లైటుని ఒక్కరోజులో ఫుల్‌గా పెంచేశాను. వెలుతురు కావాలి నిజమే, కానీ వారాల మీద మెల్లగా పెంచాలి. ఆ రాత్రి ఒంటిగంటకి నీళ్లు తాగడానికి లేస్తే రాతి మీద ఎనిమోనీ లేదు. ఫోన్ టార్చి వేశాను. వెనక గాజు మీద సగం పైకెక్కి, నీళ్లని తోసే పంపు వేవ్‌మేకర్‌కి బెత్తెడు దూరంలో, నీటి ఊపుకి గుడ్డపీలికలా ఊగుతోంది. ఆ రెక్కల్లో పడితే ముక్కలవుతుంది, దాని విషంతో తెల్లారేసరికి ట్యాంకు మొత్తం పోతుంది. పంపు స్విచ్ ఆపి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పీకకూడదు, పాదం చిరిగితే బతకడం కష్టం. మూడున్నరకి అదే మెల్లగా కిందికి దిగి రాతి నీడలోకి వెళ్లింది. మర్నాడే పంపు చుట్టూ స్పాంజి తొడుగు వేశాను. ఎనిమోనీ కొనకముందే వెయ్యాల్సిన తొడుగది.

తిండి విషయంలో అందరూ ఎక్కువే పెడతారు, నేనూ పెట్టాను. వారానికొకసారి బఠాణీ గింజంత రొయ్య ముక్క చాలు. పట్టకారుతో టెంటకిల్‌కి తాకిస్తే అంటుకుంటుంది, పక్క టెంటకిళ్లు ఒక్కొక్కటే వంగి దాన్ని నోటి దగ్గరికి చేరుస్తాయి, మూతి ముడుచుకుంటుంది. అమ్మ ఇది చూడ్డానికే సీరియల్ మధ్యలో లేచొస్తుంది. పెద్ద ముక్క పెడితే మర్నాడు కక్కేస్తుంది, నీళ్లు పాడవుతాయి. నెలలో ఒకటి రెండుసార్లు గాలి తీసిన బెలూన్‌లా చప్పబడి గోధుమ రంగు తీగల్లాంటి మలం వదులుతుంది. మొదటిసారి చూసి మా ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది: "ఏవండీ, మీ పువ్వు పోయినట్టుంది." సాయంత్రానికి మళ్లీ విప్పుకుంది. నోరు వేలాడుతూ వాసన వస్తేనే కంగారుపడాలి.

క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టినవి జత తెచ్చాను, ఆసెలారిస్. సముద్రంలో ఈ జాతి బబుల్ టిప్‌లో ఉండదు, దాని ఇష్టాలు వేరే ఎనిమోనీలు. ట్యాంకులో మాత్రం సర్దుకుపోతుంది. సర్దుకోవడానికి మా జతకి ఐదు నెలలు పట్టింది, అంతవరకూ మూలన ఉన్న థర్మామీటర్‌ని పట్టుకుని పడుకునేవి. ప్లస్ టూ జీవశాస్త్రంలో క్లౌన్ చేప, ఎనిమోనీల స్నేహాన్ని సహభోజకత్వం కింద చెబుతారు: చేపకి లాభం, ఎనిమోనీకి లాభమూ లేదు నష్టమూ లేదు. నాలుగేళ్లు చూశాక నేను ఒప్పుకోను. మా ఆడ చేప తనకేసిన ముక్కని నోట పట్టుకెళ్లి ఎనిమోనీలో కుక్కుతుంది. చేపలు వదిలే అమ్మోనియా ఆ నాచు కణాలకి ఎరువు. చేపలు చేరాకే అది లావెక్కింది. అన్నట్టు, బలహీనంగా ఉన్న ఒక చిన్న గోబీ చేప దానికే ఆహారమైంది. వేరే చేపలు పెంచదలచుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

దీని ఆయుష్షు గురించి అడిగితే నేను స్కాట్లాండ్ అవ్వ కథ చెబుతాను. 1828లో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన అక్కడి తీరంలో ఏరుకొచ్చి గాజు జాడీలో పెట్టుకున్న ఎనిమోనీ, చేతులు మారుతూ 1887 దాకా బతికింది. గ్రానీ అని పిలిచేవారు. అది చలినీటి జాతి, దానికి లైట్లూ నాచు కణాలూ అక్కర్లేదు, సముద్రపు నీళ్లు మారుస్తూ పోతే చాలింది. మన బబుల్ టిప్‌కి అంత సులువు కాదు. కానీ ఇదీ ఏళ్ల తరబడి బతకగలదు కాబట్టి కొనేటప్పుడు కుక్కపిల్లని తెచ్చుకుంటున్నంత ఆలోచన చెయ్యాలి, ఇంకా ఎక్కువే చెయ్యాలి.

నా మార్కులు? చూడ్డానికి పదికి పది. ఖర్చు విషయంలో నాలుగు: ఎనిమోనీ ధర అసలు లెక్కలోకే రాదు, లైటు, కరెంటు, ఉప్పు నెలనెలా తింటాయి. పనికి ఆరు, ఎండాకాలంలో మూడు. వేలితో కెలకాలనిపించేవాళ్లకీ, ప్రతి ఆదివారం రాళ్లు సర్దేవాళ్లకీ ఇది వద్దు. బబుల్ టిప్ అన్న పేరుకి కారణమైన ఆ కొసల బుడగలు మా దానికి ఒక ఏడు వచ్చాయి, ఒక ఏడు పోయాయి. ఎందుకో ఎవరూ తేల్చి చెప్పలేదు, నేను పట్టించుకోవడం మానేశాను.

పోయిన కార్తీకంలో అది రెండోసారి చీలింది. పొద్దున్న నిలువుగా సాగి, రెండు వైపులా రెండు రాళ్లు పట్టుకుని లాక్కుంటున్నట్టుంది. సాయంత్రానికి మధ్యలో దారమంత కండ మిగిలింది, మర్నాటికి రెండు. కొత్తదాన్ని సికింద్రాబాద్‌లో ఒక మిత్రుడు అడుగుతున్నాడు. వాడి ట్యాంకుకి ఇంకా ఏడు నెలలే. ఏడాది నిండాక స్పాంజి తొడుగు ఫోటో పంపి రమ్మన్నాను.