హాస్టల్ గదికి కేబులా, వైఫైయా: ఏది మేలు?

కొత్తగా హాస్టల్ కట్టిస్తున్న యజమానులు, కళాశాలల యాజమాన్యాలు, ఈమధ్య కొందరు వార్డెన్లు కూడా నన్ను అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒకటే: పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లే ఉన్నప్పుడు గదిగదికీ ల్యాన్ వైరు (ఇంటర్నెట్ కేబుల్) లాగించడం దండగ ఖర్చు కాదా, వరండాలో నాలుగు వైఫై పెట్టెలు బిగిస్తే సరిపోదా? కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల ఇరుకు స్థలంలో లేచే ప్రైవేటు హాస్టళ్లకైనా, ఊరి బయట విశాలమైన ఆవరణలో ఉండే ఇంజనీరింగ్ కళాశాల హాస్టళ్లకైనా ఈ ప్రశ్న ఒకేలా వర్తిస్తుంది.

ఆచరణలో మన ముందున్న పద్ధతులు మూడు. వరండా పైకప్పుకు యాక్సెస్ పాయింట్లు (వైఫై పెట్టెలు) బిగించి గదులకు వైఫై మాత్రమే ఇవ్వడం మొదటిది. ప్రతి గదిలో గోడకు ల్యాన్ పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) ఇచ్చి ఊరుకోవడం రెండోది. గదిలోకి కేబుల్ తెచ్చి, దాని చివర స్విచ్ బోర్డంత పరిమాణంలో ఉండే చిన్న యాక్సెస్ పాయింటును గోడకే బిగించడం మూడోది. నేను మూడోదాని వైపే మొగ్గుతాను, అయితే మిగిలిన రెండింటికీ ఉన్న బలాలను తీసిపారేయలేం.

ధరలు, కంపెనీల పేర్లు, ఇంటర్నెట్ లైన్ వేగం గురించి గంటల తరబడి చర్చించేవారు కూడా, గాలిలో ఒక చానల్‌ను, అంటే వైఫై సిగ్నల్ నడిచే ఒక దారిని, ఎన్ని పరికరాలు పంచుకోబోతున్నాయన్న లెక్క మాత్రం వేయరు. నా దృష్టిలో తీర్పు చెప్పేది ఆ లెక్కే. నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 గదులు, గదికి ముగ్గురు చొప్పున ఉండే ఒక మామూలు హాస్టల్‌ను ఊహించుకోండి. మొత్తం 240 మంది విద్యార్థులు. తలా ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ అనుకుంటే 480 పరికరాలు, అంటే ఒక్కో అంతస్తులో 120. వీటిలో అధికభాగం రాత్రి భోజనాలయ్యాక, తొమ్మిది నుంచి పదకొండు గంటల మధ్య ఒకేసారి పనిలో ఉంటాయి. ఒక్కో అంతస్తు వరండాలో రెండే యాక్సెస్ పాయింట్లు పెడితే, ఒక్కోదాని మీద 60 పరికరాలు పడతాయి. పెట్టె మీద "ఇన్ని వందల పరికరాలకు సరిపోతుంది" అని రాసి ఉండవచ్చు గానీ, అన్ని పరికరాలు దానికి తగులుకోగలగడం వేరు, అన్నీ సవ్యంగా పనిచేయడం వేరు.

వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో సాధారణంగా ఒక్క పరికరమే మాట్లాడుతుంది. మిగతావన్నీ తమ వంతు కోసం ఆగుతాయి. వైఫై 6 నుంచి చానల్‌ను ముక్కలుగా పంచే వెసులుబాటు వచ్చినా, పాత ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నంతకాలం దాని ఫలితం పూర్తిగా అందదు. పైగా, సిగ్నల్ బలహీనంగా అందే పరికరం తన వేగాన్ని తగ్గించుకుని మాట్లాడుతుంది. 1500 బైట్ల ప్యాకెట్టు (డేటా ముక్క) 6 ఎంబీపీఎస్ వేగంతో వెళ్లడానికి 2 మిల్లీసెకన్లు పడితే, 300 ఎంబీపీఎస్ వేగంతో వెళ్లే పరికరానికి అందులో యాభయ్యో వంతు చాలు. మూలగదిలో సిగ్నల్ సరిగా అందని ఒక్క ఫోను వీడియో చూస్తుంటే, యాక్సెస్ పాయింటు కిందనే కూర్చున్న విద్యార్థికి కూడా నెట్ మందగించడానికి కారణం ఇదే. ఇలాంటప్పుడు లైన్ వేగాన్ని 200 నుంచి 500 ఎంబీపీఎస్‌కు పెంచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇరుకు ఉన్నది గదికీ వరండాకీ మధ్య గాలిలో.

ఇక మన హాస్టళ్ల కట్టడం చూడండి. చాలా భవనాల్లో గది తలుపు తీయగానే పక్కనే స్నానాల గది ఉంటుంది; నీటి పైపులు, టైల్సు అంటించిన గోడలు, వాటిని ఆనుకుని ఇనుప బీరువాలు అన్నీ వరండా వైపే వస్తాయి. చదువుకునే బల్లలు మాత్రం గాలీ వెలుతురూ కోసం కిటికీ దగ్గర, అంటే వరండాకు బాగా దూరంగా ఉంటాయి. వరండాలోని యాక్సెస్ పాయింటు నుంచి బయలుదేరిన 5 గిగాహెర్ట్జ్ తరంగం ఇన్ని అడ్డంకులు దాటి ఆ బల్లను చేరేసరికి నీరసించిపోతుంది. ఫోను ఇక వైఫై వాడే మరో తరంగశ్రేణి (బ్యాండు) అయిన 2.4 గిగాహెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఆ బ్యాండులో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అనే మూడే. మరోవైపు, వరండా పొడవునా అడ్డు లేదు గనుక అక్కడ బిగించిన యాక్సెస్ పాయింట్లు ఒకదాని మాట మరొకటి స్పష్టంగా వింటూ, ఒకే చానల్‌లో ఉన్నవైతే ఒకదాని కోసం మరొకటి ఆగుతుంటాయి. సిగ్నల్ కావలసిన చోటికి అందక, అక్కరలేని చోట నిండుగా ఉండడమే వరండా పద్ధతిలోని అసలు లోపం. సంఖ్య పెంచి రెండు పెట్టెలకు బదులు ఆరు బిగించినవారికి కొత్త చిక్కులు ఎదురవడం కూడా ఇందువల్లే.

గదిలో పెట్టిన యాక్సెస్ పాయింటు విషయంలో అవే గోడలు మనకు మేలు చేస్తాయి. తక్కువ పవర్‌తో నడిపితే దాని సిగ్నల్ ఆ గదికీ, పక్క గదికీ సరిపోతుంది. ఆపైన గోడలే దాన్ని ఆపేస్తాయి కాబట్టి నాలుగు గదుల అవతల అదే చానల్‌ను మళ్లీ నిశ్చింతగా వాడుకోవచ్చు. మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో మరిన్ని భాగాలను లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడంతో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఇరవైకి పైగా చానళ్లు అందుబాటులోకి వచ్చాయి. వేగం ఎక్కువగా కనబడాలన్న ఆశతో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే అవి ఐదారుకు కుదించుకుపోతాయి. హాస్టల్‌లో 20, మహా అయితే 40 దాటకూడదు. గదికొకటి పెట్టే స్తోమత లేకపోతే, వరండాకు ఇరువైపులా ఒక గది విడిచి ఒక గదిలో, ఎదురెదురుగా రాకుండా పెట్టినా మంచి ఫలితమే వస్తుంది. అప్పుడు ఒక్కో యాక్సెస్ పాయింటు మీద పన్నెండు పరికరాలకు మించవు.

ల్యాన్ పోర్టు మాత్రమే ఇచ్చే రెండో పద్ధతికి నిజమైన బలం ఉంది. ఆ పోర్టులోని 1 జీబీపీఎస్ ఎవరితోనూ పంచుకోనక్కరలేదు. పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయి. ఆలస్యంలో హెచ్చుతగ్గులు దాదాపు ఉండవు. ఉద్యోగం కోసం ఆన్‌లైన్ కోడింగ్ పరీక్ష రాస్తున్న విద్యార్థికి, కెమెరా ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తున్న అమ్మాయికి ఆ స్థిరత్వం చాలా విలువైనది. మధ్యలో తెగిపోయిన కనెక్షన్ ఒక పల్లెటూరి పిల్లవాడి ఏడాది కష్టాన్ని వృథా చేయగలదు. ఈ విషయాన్ని నేను అంత పట్టుదలగా చెప్పడానికి కారణం అదే. అయితే ఫోనుకు ల్యాన్ పోర్టు ఉండదు, కొత్త పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికీ ఉండదు. అందుచేత పోర్టు మాత్రమే ఇచ్చిన హాస్టళ్లలో పిల్లలు తలా ఒక చవక రూటర్ కొనుక్కొచ్చి తగిలిస్తారు. ఎవరో ఒకరు కేబుల్‌ను దానిలో బయటి లైను కోసం ఉన్న వ్యాన్ పోర్టులో పెట్టకుండా, పరికరాల కోసం ఉన్న ల్యాన్ పోర్టులో పెడతారు; ఆ రూటర్ తనే ఐపీ చిరునామాలు (నెట్‌లో పరికరాలను గుర్తించే నంబర్లు) పంచడం మొదలుపెట్టగానే అంతస్తు అంతస్తంతా నెట్ పోతుంది. గదుల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో, ఇలాంటి దొంగ చిరునామాలను అడ్డుకునే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే ఈ బెడద పోతుంది గానీ, గదిగదికీ ఉన్న ప్రైవేటు రూటర్లు గాలిలో చేసే రభసను ఏ స్విచ్చూ ఆపలేదు. ఇంకొక చిన్న విషయం: ల్యాన్ కేబుల్ చివర ఉండే ఆర్‌జే45 పిన్ను మీది ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ పోర్టులో నిలవక వదులవుతుంది, పోర్టును మంచం వెనుక పెట్టిన గదుల్లో ఇది తరచూ జరుగుతుంది. బల్లకు జానెడు ఎత్తున పెట్టించడం మేలు.

గోడ యాక్సెస్ పాయింట్లలో చాలావాటికి అడుగున ఒకటి రెండు ల్యాన్ పోర్టులు కూడా ఉంటాయి. ఒకే కేబుల్‌తో ఫోన్లకు వైఫై, పరీక్ష రాసే ల్యాప్‌టాప్‌కు వైరు రెండూ అందుతాయి. విద్యుత్తు కూడా ఆ కేబుల్ మీదుగానే వస్తుంది. దీన్నే పీఓఈ అంటారు; దాని తొలి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇవ్వగలదు. 24 పోర్టుల స్విచ్‌కు 370 వాట్లు ఉంటే ఒక అంతస్తు మొత్తం నడుస్తుంది, కొనేముందు ఎంచుకున్న మోడల్ ఎంత తీసుకుంటుందో చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు గదుల్లోని పెట్టెలన్నిటికీ వేర్వేరు ఏర్పాట్లు అక్కరలేకుండా, స్విచ్‌లు ఉండే ర్యాక్ దగ్గర ఒక్క యూపీఎస్ ఉంటే చాలు. వేసవి కోతల్లో దీని విలువ తెలుస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, గదికి సగటున 30 మీటర్ల కేబుల్ పడుతుందనుకుంటే 80 గదులకు 2400 మీటర్లు. 305 మీటర్ల పెట్టెలు ఎనిమిది సరిపోతాయి. భవనం మొత్తం ఖర్చులో ఇది లెక్కలోకి రాదు. నిజంగా ఖర్చు పెంచేది ఆలస్యం. గోడలు లేచేటప్పుడే విద్యుత్ పైపుకు దూరంగా 25 మిల్లీమీటర్ల పైపు ఒకటి వేరుగా వేయించి, అందులో లాగుడు తీగ వదిలితే పని తేలిక; రంగులు వేశాక గాడి కొట్టించడమంటే మేస్త్రీ, పెయింటరు, దుమ్ము, తగాదాలు. ర్యాక్ నుంచి గది పోర్టు దాకా గోడల్లోంచి వెళ్లే కేబుల్ 90 మీటర్లు దాటకుండా ర్యాక్ స్థానాన్ని మెట్ల దగ్గర, మధ్యలో ఎంచుకోవాలి. యాక్సెస్ పాయింట్లు ఐదారేళ్లకు మారుతాయి, గోడలోని క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ మాత్రం రెండు మూడు తరాల వైఫైని మోస్తుంది. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య రాగి కేబుల్ వద్దు, పిడుగుల కాలంలో రెండు వైపులా స్విచ్‌లు కాలతాయి. అక్కడ ఫైబరే వేయాలి.

గదిగదికీ ఫైబర్ తెచ్చే జీపాన్ పద్ధతి పెద్ద ఆవరణలకు పనికొస్తుంది గానీ, గదిలో పెట్టే పెట్టెకు అక్కడే కరెంటు ఇవ్వాలి. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటర్లు, మెష్ పెట్టెలు ఇళ్ల కోసం చేసినవి, హాస్టల్‌లో వద్దు. పిల్లలు ఎలాగూ ఫోను డేటా వేయించుకుంటారు కదా అని ఏమీ పెట్టకపోవడం కూడా కొందరు చేస్తున్నదే, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా అందరికీ ఒకే పాస్‌వర్డు ఇవ్వకండి. విద్యార్థికొక ఐడీ ఉంటే, వెళ్లిపోయినవారిని ఆపడం, ఏదైనా ఫిర్యాదు వస్తే ఎవరి పరికరమో తేల్చడం సాధ్యమవుతుంది. సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను (వాడకం నమోదులను) 180 రోజులపాటు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది కూడా.

పాత భవనాల్లో పైపులు లేవని వరండా పద్ధతికే సరిపెట్టుకోనక్కరలేదు. వరండా పైకప్పు మూల వెంట పీవీసీ కేసింగ్ బిగించి, ప్రతి తలుపు పైన గోడకు ఒక రంధ్రం వేస్తే కేబుల్ గదిలోకి వస్తుంది. సెలవుల్లో అంతస్తుకొకటి చొప్పున ముగించవచ్చు. కేబుల్ కొనేటప్పుడు మాత్రం రాగి పూత వేసిన అల్యూమినియం తీగను అంటగట్టకుండా చూసుకోండి. పెట్టె వింతగా తేలికగా ఉంటే అనుమానించాలి. తీగ ఒకటి విప్పి బ్లేడుతో గీకితే, పూత పోయి లోపల తెల్లగా కనిపిస్తుంది. అలాంటి తీగ పీఓఈ మోతాదుకు వేడెక్కుతుంది, మెలితిప్పితే విరుగుతుంది. పని ముగిశాక ప్రతి కేబుల్‌కూ రెండు చివరలా గది నంబరు అంటించి, టెస్టర్ మీద పరీక్షించిన ఫలితాలను రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే కాంట్రాక్టరుకు చివరి వాయిదా చెల్లించండి.